వైద్యమును తూచువారి ధర్మము

వైద్యుడు రోగిని పరీక్షించును. ఆ వైద్యమును పరీక్షించువారెవరు? ఈ మందు నిజముగా పనిచేయునా? పనిచేసినచో ఎవరికి, ఎంతకాలము, ఎంత వ్యయమునకు? అదే ధనముతో ఇంతకంటె ఎక్కువమందికి మేలు చేయగల మార్గము మరియొకటి కలదా? ఈ ప్రశ్నలను రోగి అడుగజాలడు. నొప్పితో నున్నవానికి ప్రశ్నించు తీరిక యుండదు. బీదవానికి ప్రశ్నించు ధైర్యముండదు. కావున ప్రజల పక్షమున ఈ ప్రశ్నల నడుగుటకు ఒక సంస్థ యుండవలెనని ఆధునిక రాజ్యములు గ్రహించినవి. ఆ పనికి ఆరోగ్య సాంకేతిక మూల్యాంకనమని పేరు. సాంకేతికమనగా పెద్ద యంత్రములే కానక్కరలేదు. మాత్ర, టీకా, శస్త్రచికిత్స, కంటిలో అమర్చు కటకము, రక్తపరీక్ష, ఊరి త్రాగునీటిని శుద్ధిచేయు సాధనము మొదలుగా వ్యాధిని నివారించుటకును మాన్పుటకును మనుష్యుడు కల్పించిన ఉపాయములన్నియు ఇందు చేరును.

ఇట్టి సంస్థకు భవనము కట్టుట సులభము. అధ్యక్షుని నియమించుట అంతకంటె సులభము. దానికి సామర్థ్యము కలిగించుట మాత్రము కష్టము. ఆ సామర్థ్యమనగా నేమి, అది ఎట్లు పెరుగును, దానికి నైతికమైన ఆధారమేది అనునది ఇచట విచారింప దలచిన విషయము. ఇది శాస్త్రజ్ఞులకు మాత్రమే చెందిన మాట యని పాఠకులు తలంపరాదు. ఆసుపత్రి ఖర్చునకై నగ తాకట్టు పెట్టిన కుటుంబము లేని ఊరు జంగమకోటె నుండి బాగేపల్లి వరకు అరుదు. ఆ నగతో కొన్న వైద్యము దాని వెలకు తగినదగునా అను ప్రశ్న మన ఇంటి ప్రశ్నయే.

ముందుగా ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలెను. ప్రాణమునకు వెల కట్టుట పాపము కాదా యని పెద్దలు కొందరు అడుగుదురు. కన్నతల్లి మంచాన పడియుండగా లెక్కలు చూచువాడు కొడుకా యని లోకము నిందించును. ఆ నిందలో న్యాయమున్నది. కొడుకు ధర్మము వేరు. కాని రాజ్యమునకు తల్లి యొకతె కాదు. దాని చేతిలోని ధనము పరిమితము, దానిని ఆశ్రయించినవారు కోట్లకొలది. పట్టణపు ఆసుపత్రిలో ఒక ఖరీదైన యంత్రమును కొన్నచో, ఆ మొత్తముతో జరుగవలసిన ప్రసవశాలల బాగు జరుగకపోవచ్చును. యంత్రముచే బ్రదికినవాని పేరు మనకు తెలియును. ప్రసవశాల లేక మరణించిన బాలింత పేరు ఆ యంత్రపు లెక్కలో ఎక్కడను కనిపించదు. తూచకుండుటయు ఒక తూనికయే. అది చీకటిలో జరుగు తూనిక. అందు బలవంతుని మాటయు, అమ్మకపువాని నేర్పును, పత్రికలలో పడిన వార్తయు రాళ్ళుగా పనిచేయును. వెలుతురులో తూచుమనుటయే ఈ శాస్త్రము చేయు విన్నపము.

చీకటి తూనికకును వెలుతురు తూనికకును గల భేదము మన ప్రాంతపు రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. పూర్వము పశువుల సంతలో తుండుగుడ్డ క్రింద వ్రేళ్ళు పట్టుకొని బేరమాడు ఆచారముండెడిది. ధర యెంతయో ఆ ఇద్దరికి, మధ్యనున్న దళారికి తప్ప మూడవవానికి తెలియదు. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టులో అట్లు గాక, గూళ్ళు అందరి యెదుట పరచబడును. వేలము బహిరంగముగా జరుగును. తూనిక రైతు కన్నుల యెదుటనే యగును. గూళ్ళు తెచ్చిన రైతు ఆ మార్కెట్టును నమ్ముట అచటి ఉద్యోగి పుణ్యాత్ముడని కాదు. ఉద్యోగి ఎట్టివాడైనను తప్పు చేయుట కష్టమగునట్లు పద్ధతి ఏర్పడి యుండుటచేత నమ్మును. సంస్థ యనగా నిదియే. ఒక మంచివానిపై ఆధారపడిన మేలు అతనితోనే పోవును. పద్ధతిపై ఆధారపడిన మేలు అతని తరువాతను నిలుచును.

వైద్యమును తూచు సంస్కారము మనకు విదేశములనుండి నిన్న మొన్న దిగుమతి యైనది కాదు. చింతామణికి ఈశాన్యమున, రాష్ట్రపు సరిహద్దు దాటినంతనే మదనపల్లె యున్నది. దాని చెంతనున్న ఆరోగ్యవరము క్షయరోగుల సానిటోరియముగా దక్షిణదేశమంతట ప్రసిద్ధి చెందెను. మన తాతల కాలమున క్షయ సోకినదన్నచో ఆరోగ్యవరము పేరే ముందుగా నోట వచ్చెడిది. మన దేశమున బి.సి.జి. టీకా 1948లో ఆరంభమైనది. 1950లో ఆరోగ్యవరపు వైద్యులు, డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యమున, మదనపల్లెయందును చుట్టుపట్ల పల్లెలయందును ఆ టీకా నిజముగా క్షయను అడ్డునా యని పరిశీలించుటకు పూనుకొనిరి. టీకా వేసినవారిని, వేయనివారిని ఏండ్ల తరబడి వెంబడించి లెక్కలు వ్రాసిరి. ఇంటింటికి తిరిగి వ్రాసిన ఆ చిట్టాలలో తెలుగు పేర్లే యుండి యుండును. ప్రపంచమంతట మేలని చెప్పబడుచున్న దానిని మన ఊళ్ళలో మేలగునా యని అడిగిన పరిశీలనలలో అది యొకటి.

ఆ ప్రశ్న అంతటితో ముగియలేదు. 1968లో చెంగల్పట్టు జిల్లాలో రెండున్నర లక్షలకు పైగా జనులతో మరింత పెద్ద పరిశీలన ఆరంభమైనది. పదునైదేండ్లు వెంబడించి చూడగా, పెద్దవారికి వచ్చు ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా అడ్డుట లేదని తేలినది. ఎందరో ఆశించిన ఫలితము అది కాదు. అయినను దానిని దాచలేదు, ప్రకటించిరి. పసిబిడ్డలకు సోకు మెదడు పొరల క్షయ వంటి ఘోరరూపములనుండి టీకా కాపాడునని ఇతర పరిశీలనల వలన తెలిసియుండుటచేత నేటికిని పుట్టిన బిడ్డకు దానిని వేయుచున్నారు. ఏది చేయగలదో దానికే వినియోగించుట, చేయలేని దానిని దానినుండి ఆశింపకుండుట అను వివేకము ఈ దీర్ఘపరిశ్రమ ఫలము.

ఇంతకంటె మనస్సునకు హత్తుకొను ఉదాహరణము మద్రాసుది. 1956లో అచట క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము నెలకొల్పబడినది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి అందు పాల్గొనెను. నాటి నమ్మకము ప్రకారము క్షయరోగికి మందుతోపాటు మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఇంటికి దూరముగా సానిటోరియపు నివాసము అవశ్యకములు. దేశమున రోగులు లక్షలు, పడకలు వేలు. అట్లైన మిగిలినవారికి మరణమే గతియా? ఆ కేంద్రమువారు 193 మంది బీద రోగులను రెండు భాగములుగ చేసి, ఒక భాగమును సానిటోరియమునకు పంపిరి. రెండవ భాగమునకు మద్రాసు పేటలలోని ఇరుకు ఇండ్లలోనే మందులిచ్చిరి. 1959లో ఫలితము వెలువడినది. ఇంటనున్నవారు సానిటోరియమున నున్నవారితో దాదాపు సమానముగనే కోలుకొనిరి. ఇంటిలోనివారికి దానివలన అధికముగా వ్యాధి సోకలేదని తరువాతి పరిశీలన తెలిపినది. ఆ ఒక్క పరిశీలన ప్రపంచపు క్షయ చికిత్సను సానిటోరియపు గోడల నుండి వెలుపలికి తెచ్చినది. లెక్క చూచుట దయకు విరోధమని తలంచువారు ఈ సంగతి యోచింపవలెను. ఇచట లెక్కయే దయయైనది. పడక దొరకని బీదవానికి వైద్యము దొరకుట దానివలననే సాధ్యమైనది.

అదే 1959లో బెంగుళూరులో జాతీయ క్షయ సంస్థ ప్రారంభమైనది. అచటివారు తుమకూరు జిల్లా పల్లెలలో జరిపి 1963లో ప్రకటించిన పరిశీలనలో మరియొక విపరీతము బయటపడినది. పల్లెవారికి క్షయను గూర్చి తెలియదు, అజ్ఞానముచే ఆసుపత్రికి రారు అని అధికారులు అనుకొనుచుండిరి. విచారింపగా రోగులలో సగమునకు పైగా అంతకుముందే ఏదో ఒక ఆసుపత్రి మెట్లెక్కినవారే. దగ్గుమందు సీసా ఇచ్చి పంపుటయే వారికి జరిగిన వైద్యము. లోపము పల్లెవానియందు లేదు. అతనిని గుర్తింపలేని వ్యవస్థయందున్నది. తూచుట నేర్చిన సంస్థ ప్రజలనే కాక ప్రభుత్వమును కూడ తూచునని దీనివలన తెలియుచున్నది.

ఈ మూడింటిని చూచినచో సామర్థ్యమను మాటకు అర్థము స్పష్టమగును. మొదటిది నేర్పరులైన మనుష్యులు: వైద్యుడు, గణాంకవేత్త, ఆర్థికశాస్త్రజ్ఞుడు, ఇంటింటికి తిరుగు క్షేత్రోద్యోగి. ఇందు ఏ ఒక్కరు లేకున్నను తూనిక చెడును. రెండవది కాలము. మొక్క నాటిన ఏడాదికే చింతపండు కోరినట్లు, నివేదిక ఆరు నెలలలో కావలెనన్నచో పదునైదేండ్ల సత్యము బయటపడదు. మూడవది చిట్టా, అనగా సంస్థ యొక్క జ్ఞాపకశక్తి. ఒక అధికారి బదిలీతో కాగితములు మాయమగు చోట ప్రతి పరిశీలనయు మొదటినుండి ఆరంభమగుచుండును. నాలుగవది అప్రియమైన మాట చెప్పు స్వాతంత్ర్యము. మొదటి మూడింటిని ధనముతో కొంతవరకు సంపాదింపవచ్చును. నాలుగవది శీలముతోను, చట్టముతోను, ప్రజల జాగరూకతతోను గాని లభింపదు.

నేడు ఈ పని కొరకు ప్రత్యేక సంస్థలు లోకమున వెలసినవి. స్వీడనులో 1987లోను, ఇంగ్లండులో 1999లోను, థాయిలాండులో 2007లోను అట్టివి ఏర్పడినవి. 2014లో ప్రపంచ ఆరోగ్య మహాసభ ఈ సామర్థ్యమును పెంపొందించుకొనవలెనని సభ్యదేశములను కోరుచు తీర్మానము చేసినది. మన దేశమున కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ క్రింద 2017లో ఇట్టి వ్యవస్థ రూపొందినది. ఢిల్లీలో కార్యాలయమును, నిపుణుల పరిశీలక సంఘమును, తుది సిఫారసు చేయు మండలియు, వివిధ రాష్ట్రములలోని పరిశోధన సంస్థలలో సహాయ కేంద్రములును ఇందలి అంగములు. మొదట పూర్తియైన పరిశీలనలలో ఒకటి కంటి శుక్లములను గూర్చినది. ఖరీదైన యంత్రముతో చేసి మడుచు కటకము అమర్చు పద్ధతియా, చిన్నకోతతో చేతితో చేసి మడవని కటకము అమర్చు పద్ధతియా ప్రభుత్వధనమునకు తగినది అని ప్రశ్న. చిన్నకోత పద్ధతియే ఖర్చునకు తగిన మేలు చేయునని 2018లో తేల్చిరి. చూపు తగ్గిన మన అవ్వల కొరకు జరిగిన విచారణ యది.

అయితే మనకంటె ముందు నడచినవారి అనుభవములో ఒక హెచ్చరిక యున్నది. అమెరికా ప్రతినిధుల సభలకు సలహా నిచ్చుటకై 1972లో సాంకేతిక మూల్యాంకన కార్యాలయ మొకటి స్థాపింపబడినది. వైద్యముతోపాటు అనేక విషయములపై 700కు పైగా నివేదికల నిచ్చి అది లోకమునకు మార్గదర్శకమైనది. 1995లో సభవారు దానికి ధనము నిరాకరించిరి, కార్యాలయము మూతపడినది. ఇరువదేండ్లకు పైగా కూడబెట్టిన నేర్పు ఒక్క ఓటుతో చెదరిపోయినది. చెరువుకట్ట కట్టుటకు తరము పట్టును. తెగుటకు రాత్రి చాలును. థాయిలాండువారు ఇందుకు భిన్నముగా నడచిరి. యువకులను పై చదువులకు పంపి, తిరిగి వచ్చినవారిని నిలుపుకొని, మందుల జాబితా నిర్ణయములను వారి పరిశీలనలతో ముడివేసిరి. చేసిన పని ఉపయోగింపబడునను నమ్మకమే పనివానిని నిలుపును.

కొలతకును ఒక హద్దు కలదు. ఈ శాస్త్రమున ఒక చికిత్స వలన పెరిగిన ఆయువును, ఆ ఆయువులోని ఆరోగ్యపు నాణ్యతను కలిపి ఒక్క అంకెగా చేయుదురు. అంకె సౌకర్యముగ నుండును; కాని వృద్ధుని చివరి రెండేండ్లు, అంగవైకల్యము గలవాని జీవితము ఆ త్రాసులో తేలికగ కనిపించు ప్రమాదమున్నది. థాయిలాండులోనే మూత్రపిండములు చెడినవారి రక్తశుద్ధి చికిత్స విషయమై ఈ సంకటము వచ్చెను. లెక్క ప్రకారము అది వారు పెట్టుకొన్న హద్దును మించిన ఖర్చు. అయినను చికిత్స లేనిచో రోగి మరణించును, చేయించినచో కుటుంబము బికారియగును. కావున 2008లో ప్రభుత్వము దానిని ఉచితముగ చేర్చినది. లెక్కను మాత్రము త్రోసివేయలేదు. రెండు పద్ధతులలో తక్కువ ఖర్చుగల కడుపుపొర ద్వారా చేయు శుద్ధిని మొదటిదిగా ఎంచినది. 2022లో ఆ ఎంపికను రోగులకే విడిచినది. పరిశీలకులు సత్యము చెప్పిరి. సమాజము తన కరుణను చెప్పినది. రెండును బహిరంగముగ చెప్పబడినవి. కరుణ పేరిట లెక్కను దిద్ది యున్నచో రెండును చెడియుండెడివి.

ఇచట మనవంటి అల్పసంఖ్యాక భాషావర్గములకు ప్రత్యేకముగా సంబంధించిన మాట యొకటి కలదు. రోగి బాధను అతని నోటినుండియే తెలిసికొనవలెను. బాగేపల్లి తాలూకాలో ఇంటి భాష తెలుగు, కచేరీ భాష కన్నడము, శాస్త్రపు భాష ఇంగ్లీషు. ప్రశ్నాపత్రము ఇంగ్లీషున పుట్టి, కన్నడములోనికి మారి, తెలుగు అవ్వ చెవిని చేరును. మోకాళ్ళు ఎట్లున్నవని అడిగినచో ఆమె "పరవాలేదు నాయనా" అనును. పట్టుకొనకుండ లేవలేని స్థితిలోను ఆమె అట్లే యనును. వచ్చినవాని మనస్సు నొప్పించుట ఆమెకు రాదు. ఆ మాటను వ్రాయువాడు "బాధ లేదు" అని గుర్తు వేసినచో, వేయి మంది అవ్వల బాధ లెక్కనుండి మాయమగును. లెక్కలో లేని బాధకు మందు రాదు. ఆమె "పరవాలేదు" వెనుక నున్న దానిని వినగలవాడు పరిశీలక సంఘములో నొకడైనను ఉండుట సౌజన్యము కాదు, శాస్త్రావశ్యకత.

శిబిచక్రవర్తి కథలో పావురమును రక్షించుటకై రాజు తన మాంసమును కోసి త్రాసున వేయును. ఎంత వేసినను తట్ట లేవదు. తుదకు తానే త్రాసులో కూర్చుండగా తూనిక సరిపోవును. వైద్యమును తూచువారందరు ఈ కథను తలంపవలెను. ఇతరుల శరీరములను మాత్రమే తట్టలో నుంచి తూచినంతకాలము తూనిక సరిపోదు. ఈ నిర్ణయము నా తల్లికి వర్తించినచో నేను అంగీకరింతునా యని తన్ను తాను తట్టలో నుంచుకొనినవాని మాటకే బలముండును. ఇంగ్లండులోని సంస్థ 2002లో సామాన్య పౌరుల సభ నొకదాని నేర్పరచి నైతిక ప్రశ్నలను వారి ముందుంచుటలో ఈ ధర్మమే యిమిడియున్నది.

ఇక మన తాలూకాల సంగతి. బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో బోరుబావులు వేయి అడుగుల లోతు దాటినవి. ఆ నీటిలో అనేక చోట్ల ఫ్లోరైడు అధికము. దేశమున ఫ్లోరైడు వ్యాధి మొదట గుర్తింపబడినది 1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో. పలుకుల గారలు, వంగిన ఎముకలు నల్గొండ వారికిని తెలిసినవే. పటికను, సున్నమును నీటిలో కలిపి, తేర్చి, వడకట్టి ఫ్లోరైడును తగ్గించు ఉపాయమును జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ కనుగొనినప్పుడు దానికి నల్గొండ పద్ధతి యనియే పేరు వచ్చినది. ప్రయోగశాలలో అది చక్కగ పనిచేసినది. ఊళ్ళలో మాత్రము ప్రతిదినము పటిక పాలు సరిచూచువాడు కావలెను. అడుగున చేరిన మడ్డిని పారవేయు చోటు కావలెను. యంత్రము చెడినపుడు బాగుచేయువాడు కావలెను. ఇవి లేని చోట్ల ఆ సాధనములు మూలబడినవి. నల్గొండకు చాలవరకు ఊరట నిచ్చినది తుదకు కృష్ణ నీరు. సాధనము పనిచేయునా యని అడుగుట చాలదు. ఈ ఊరిలో, ఈ మనుష్యుల చేత, పదేండ్ల తరువాత పనిచేయునా యని అడుగవలెను.

నేడు మన ఊళ్ళలో నాణెము వేసినచో బిందె నింపు శుద్ధజల యంత్రములు కలవు. అవి ఫ్లోరైడును తీయును, నిజమే. తీయుటలో కొంత నీటిని వృథాగ వదలును. నీరు కరవైన సీమలో ఆ వృథాకు వెల యెంత? దానిలోని పొరలను ఎప్పుడు మార్చిరి, ఎవరు పరీక్షించిరి? బెంగుళూరు మురుగునీటిని రెండవ దశ వరకు శుద్ధిచేసి మన జిల్లా చెరువులకు తెచ్చుచున్నారు. భూగర్భజలము పెరుగునని ఒకరు, మూడవ దశ శుద్ధి లేనిచో ముప్పని మరియొకరు వాదించుచున్నారు. ఈ వాదము అరుపులతో తీరునది కాదు. ఏండ్ల తరబడి ఒకే బావి నీటిని, ఒకే పల్లె బిడ్డల పండ్లను, ఎముకలను చూచి, చిట్టా వ్రాసి, దానిని పంచాయతి గోడపై కన్నడమునను తెలుగునను అతికించు సంస్థ కావలెను. మదనపల్లె పల్లెలలో డెబ్బదియైదేండ్ల క్రిందట సాధ్యమైనది మన పల్లెలలో నేడు అసాధ్యమనుటకు కారణము లేదు.

ముద్దేనహళ్ళిలో 1861లో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని మనము మనవానిగ చెప్పుకొందుము. ఆయన పూర్వులు ఆంధ్రదేశపు మోక్షగుండమువారు. 1908 మూసీ వరదల తరువాత హైదరాబాదువారు ఆయనను పిలిపింపగా, ఆయన వానల లెక్కలను, నది పరీవాహమును పరిశీలించిన పిమ్మటనే జలాశయములను సూచించిరి. విగ్రహమునకు పూలమాల వేయుటకంటె ఆ అలవాటును అలవరచుకొనుట ఆయనకు తగిన పూజ.

మన సంఘములోని కుటుంబములలో నేడు వైద్యము, గణాంకశాస్త్రము, అర్థశాస్త్రము చదివిన యువతీయువకులు పెక్కురు కలరు. వారిలో కొందరైనను ఈ రంగమున ప్రవేశింతురు గాక. వారి జీతము ప్రైవేటు సంస్థలలోని జీతమంత ఉండకపోవచ్చును. కాని మూడు భాషలు తెలిసిన బిడ్డ ఇట్టి సంస్థకు లభించుట అరుదైన లాభము. తక్కిన మనమందరము చేయదగినది ఒకటి యున్నది. క్రొత్త ఆసుపత్రికి, క్రొత్త యంత్రమునకు ప్రారంభోత్సవము జరిగినపుడు చప్పట్లు కొట్టుదుము. దాని ప్రక్కన నిలిచి, దీనిని ఎవరు పరీక్షించిరి, ఏమి తేలినది, మరల ఎప్పుడు పరీక్షింతురు అని మర్యాదగ అడుగుటయు నేర్చుకొందము. అడుగువారు లేని చోట తూచువాడు కాలక్రమమున నిద్రపోవును. అడుగుట ప్రజల ధర్మము. సత్యము చెప్పుట తూచువారి ధర్మము.